ప్రవాసి నిష్ఠూరం: శ్రీనాథుని చాటువుల నుంచి అమెరికా తెలుగు కథ దాకా

ప్రస్తావన

ప్రవాస తెలుగు సాహిత్యం చర్చకు వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఎవరూ బలవంతపెట్టకుండా, ఎన్నో ప్రయాసలకోర్చి, కోరి చేరుకొన్న దేశాన్ని గురించి ప్రవాసి ఎందుకు అంతగా అసంతృప్తి ప్రకటిస్తాడు? ఈ ప్రశ్నకు సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. సానుభూతితో చదివేవారు దానిని గతస్మృతి వేదనగా, పుట్టిన ఊరిపై తీరని మమకారంగా గుర్తిస్తారు. సానుభూతి లేనివారు కృతఘ్నత అంటారు. అంత కష్టంగా ఉంటే తిరిగి రావచ్చు కదా అని అడుగుతారు. చూడడానికి ఈ రెండూ పరస్పర విరుద్ధాలే. అయితే రెండింటి వెనుకా ఉన్న ఊహ ఒక్కటే. ప్రవాసి చేసే ఆక్షేపణ అతడున్న దేశపు మంచిచెడ్డలపై ఇచ్చిన తీర్పు అని ఇద్దరూ భావిస్తున్నారు. ఆ తీర్పు న్యాయమైనదా, అన్యాయమైనదా అన్నంతవరకే వారి భేదం.

ఆక్షేపణలో ఏమి చెప్పారన్న దానికన్నా ముందు అది ఎవరిని ఉద్దేశించి చెప్పిందో తేల్చుకోవాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన. సంబోధితుడు మారితే ఆక్షేపణ స్వభావమే మారుతుంది. ఈ భేదాన్ని గుర్తించడానికి అవసరమైన పరికరాలు తెలుగు పదజాలంలోనూ, తెలుగు కావ్య సంప్రదాయంలోనూ సిద్ధంగా ఉన్నాయి. వాటి సహాయంతో అమెరికా తెలుగు కథలోని ఆక్షేపణ ధోరణిని, దాని పక్కన గల్ఫ్ వలస కూలీ మౌనాన్ని పరిశీలించవచ్చు.

నాలుగు మాటలు, నాలుగు సంబంధాలు

అసంతృప్తిని తెలపడానికి తెలుగులో ఒక్క మాట లేదు. కనీసం నాలుగు ఉన్నాయి. ఫిర్యాదు చేస్తారు. మొర పెట్టుకొంటారు. గోడు వెళ్లబోసుకొంటారు. నిష్ఠూరమాడతారు. వీటిని పర్యాయపదాలుగా వాడడం కుదరదు. వాటి తేడా బాధ తీవ్రతలో లేదు. చెప్పేవాడికీ వినేవాడికీ నడుమ ఉన్న సంబంధంలో ఉంది.

ఫిర్యాదు పారసీకం నుంచి వచ్చిన పదం. మూలభాషలో దాని అర్థం ఆర్తనాదం, సహాయం కోసం వేసే కేక. తెలుగులో అది కచేరీ పదంగా స్థిరపడింది. ఫిర్యాదుకు ఒక అధికారి ఉండాలి, ఒక నిబంధన ఉండాలి, పరిష్కారం దొరికే అవకాశం ఉండాలి. మొరకు నిబంధన అక్కరలేదు గాని పైవాడు కావాలి. దేవుడో ప్రభువో వినాలి. గోడుకు పరిష్కర్తతో పని లేదు, వినే చెవి చాలు. ‘మొర పెట్టుకొను’, ‘గోడు వెళ్లబోసుకొను’ అన్న రెండింటిలోనూ ఆత్మార్థకమైన ‘కొను’ అనుప్రయుక్తం కావడం గమనింపదగింది. ఆ క్రియల ఫలం చాలావరకు చెప్పినవాడికే చెందుతుంది. చెప్పుకొంటే భారం తగ్గుతుంది.

నిష్ఠూరం వీటన్నింటికన్నా భిన్నమైనది. సంస్కృతంలో కాఠిన్యాన్ని తెలిపే శబ్దం తెలుగు వాడుకలో బంధుత్వపు పదమైంది. పెళ్లిపిలుపు ఆలస్యమైనందుకు మేనత్త నిష్ఠూరమాడుతుంది. దారిన పోయే మనిషి ఆడడు. వినేవాడిపై తనకొక హక్కు ఉందని నమ్మినవారే నిష్ఠూరమాడగలరు. ఆ మాట కటువుగా ఉన్నా, సంబంధం తెగలేదని అది చాటుతుంది.

ఈ తర్కం తెలుగు భక్తి సాహిత్యానికి కొత్తది కాదు. గోల్కొండ చెరసాలలో ఉన్న కంచెర్ల గోపన్న రాముడికి చేయించిన నగలను పేరుపేరునా లెక్కచెప్పి నిలదీశాడు. గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నారసింహ శతకంలోనూ, కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకంలోనూ దైవాన్ని దెప్పిపొడిచారు. ఆ నిందలను చదివి వారికి భక్తి లేదని ఏ పాఠకుడూ అనుకోలేదు. నిందాస్తుతిని భక్తికి ఒక రూపంగా గుర్తించిన విమర్శ, ప్రవాసి నిందను మాత్రం కృతఘ్నతగానో జ్ఞాపకాల వ్యామోహంగానో తేల్చివేయడం సమంజసం కాదు.

శ్రీనాథుని రెండు చాటువులు

పరాయి సీమలో ఇమడలేని తెలుగువాడి ఆక్షేపణకు శ్రీనాథుని పేరుతో ప్రచారంలో ఉన్న చాటువులు ప్రాచీనమైన ఉదాహరణలు. చాటువుల కర్తృత్వం ఎప్పుడూ సందేహాస్పదమే. అవి శ్రీనాథుడివేనని నిర్ధారించడం ఇక్కడి ఉద్దేశం కాదు. తెలుగు సమాజం వాటిని శ్రీనాథుడికి అంటగట్టి శతాబ్దాలుగా చెప్పుకొన్నదన్న విషయమే ముఖ్యం. కొండవీటి రెడ్డిరాజుల ఆస్థానంలో విద్యాధికారిగా వైభవం అనుభవించి, ప్రౌఢదేవరాయల సభకు వెళ్లిన కవి చుట్టూ స్థానభ్రంశపు చాటువులు అల్లుకోవడం సహజం.

వాటిలో రెండింటిని పక్కపక్కన పెట్టి చదవాలి. మొదటిది పల్నాటి సీమను గురించినది. అక్కడ ఏ పూట చూసినా జొన్నతో చేసినదే తిండి అని, సన్నబియ్యపు అన్నం కానరాదని ఆ పద్యం వేళాకోళం చేస్తుంది. ఇందులో కవి చేసిన పని ఏదీ లేదు. అతడు చూశాడు, నవ్వాడు. పద్యం ఎవరితో చెప్పబడింది? పల్నాటివారితో కాదు. వరి అన్నం తినే సీమలో కూర్చుని వినే తనవారితో. పల్నాటివారు ఇందులో వర్ణ్యవిషయం మాత్రమే. వినేవారి ఆమోదం ముందే సిద్ధంగా ఉంది కనుక నవ్వు సులభంగా పుడుతుంది. ఆ నవ్వులో మెట్టపొలాల పేదవాడి కూటిపై రాజాస్థానపు చులకన కూడా కలిసి ఉన్నదని మరవరాదు.

రెండవది కన్నడ రాజ్యంలో చెప్పినట్లు ప్రసిద్ధమైన పద్యం. నిర్మాణంలో ఇది మొదటిదానికి పూర్తిగా భిన్నం. ఇక్కడ క్రియలన్నీ ఉత్తమ పురుషలో ఉన్నాయి. తలకు కుల్లాయి పెట్టినవాడు, పెద్ద అంగీ తొడిగినవాడు, వెల్లుల్లీ నువ్వులపిండీ తిన్నవాడు, అంబలి తాగినవాడు, రుచులను వదులుకొన్నవాడు కవే. చివర కన్నడ రాజ్యలక్ష్మిని తల్లీ అని పిలిచి, దయ లేదా అని అడిగి, తన పేరు చెప్పుకొని పద్యం ముగిస్తాడు.

ఈ పద్యాన్ని తిండి బాగోలేదన్న ఫిర్యాదుగా చదివితే దాని మర్మం జారిపోతుంది. అతడు ఏకరువు పెట్టినది ఆ దేశపు లోపాలను కాదు, ఆ దేశం కోసం తాను మార్చుకొన్న అలవాట్లను. ఇమడనివాడి మాటలు ఇలా ఉండవు. ఇమడడానికి చేయవలసినదంతా చేసినవాడి మాటలు ఇవి. ఇంత చేసినా గుర్తింపు రాలేదన్నదే బాధ. అందుకే సంబోధన ఆ దేశానికే, అదీ తల్లిగా. అందుకే చివరి మాట తన పేరు. పల్నాటి పద్యం వెనక్కి తిరిగి తనవారితో ఆడిన మాట. కన్నడ పద్యం ఎదుట నిలిచి ఆ దేశంతో ఆడిన నిష్ఠూరం. ప్రవాస సాహిత్యంలోని ఆక్షేపణలను పరిశీలించడానికి ఈ రెండు పద్యాలూ రెండు కొలబద్దలు.

అమెరికా తెలుగు కథ: పల్నాటి బాణీ

1965 అక్టోబరులో అమెరికా చేసిన వలస చట్టం దేశాలవారీ పాత కోటాలను రద్దు చేసింది. అంతకుముందు భారతదేశానికి ఏడాదికి కేటాయించినది 100 మాత్రమే. కొత్త చట్టం తరువాత వైద్యులు, ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులు గణనీయంగా వెళ్లారు. తెలుగు సంఘాలు ఏర్పడ్డాయి. 1977లో ఉత్తర అమెరికా తెలుగువారి తొలి మహాసభ జరిగింది. వంగూరి ఫౌండేషన్ వెలువరించిన అమెరికా తెలుగు కథానిక సంకలనాలు, సంఘాల సావనీర్లు, 1998లో మొదలైన ఈమాట పత్రిక ఆ సాహిత్యానికి వేదికలయ్యాయి.

ఈ కథల్లో తరచు కనిపించే ఆక్షేపణలు పాఠకులకు పరిచితమే. మంచు, ఒంటరితనం, ఇంటిపని మొత్తం తామే చేసుకోవలసి రావడం, తెలుగు మాట్లాడని పిల్లలు, చూడడానికి వచ్చి నాలుగు గోడల మధ్య నెలలు లెక్కబెట్టుకొనే తల్లిదండ్రులు. ఇవన్నీ నిజమైన అనుభవాలే. అయితే వాటిని తెలుగులో రాయడమే ఒక నిర్ణయం. తెలుగులో అమెరికాను గురించి చేసిన ఆక్షేపణ అమెరికాకు వినిపించదు. భాషను ఎంచుకోవడంతోనే సంబోధితుడి ఎంపిక జరిగిపోయింది. కనుక వీటిలో అధికభాగం రూపరీత్యా గోడు, లేదా పల్నాటి పద్యపు వరసలోని వేళాకోళం. వంగూరి చిట్టెన్‌రాజు ‘అమెరికామెడీ కథలు’, సత్యం మందపాటి ‘అమెరికా బేతాళుడి కథలు’ అన్న పేర్లలోనే ఆ సంబోధన స్పష్టమవుతుంది. ఆ పదక్రీడ, ఆ బేతాళ ప్రశ్నల చట్రం తెలుగు పాఠకుడికి తప్ప మరొకరికి అందవు.

మరి తనవారితో ఈ గోడు ఎందుకు వెళ్లబోసుకోవాలి? దీనికి తెలుగు గృహ సంస్కృతిలోనే ఒక కారణం కనిపిస్తుంది. బాగున్నామని నోరారా చెప్పడానికి తెలుగువారు జంకుతారు. బాగున్న బిడ్డకు బుగ్గన దిష్టిచుక్క పెడతారు. కొడుకు సంపాదన గురించి అడిగితే ‘ఏదో, నడుస్తోంది’ అంటారు. స్వదేశంలో ఉండిపోయిన అన్నదమ్ములతో, సహాధ్యాయులతో ప్రవాసి మాట్లాడేటప్పుడు ఇద్దరి ఆర్థిక స్థితుల మధ్య అంతరం ఆ సంభాషణలో పలకని మూడవ మనిషిలా ఉంటుంది. ఆక్షేపణ ఆ అంతరాన్ని కొంత పూడుస్తుంది. డబ్బు ఉంది గాని సుఖం లేదన్న మాట వినేవారికి ఊరట, చెప్పేవాడికి రక్ష. విరివిగా వాడుకలో ఉన్న ‘బంగారు పంజరం’ అన్న ఉపమ ఈ ద్వంద్వాన్ని ఒక్క సమాసంలో ఇముడ్చుకొంది. పంజరమని దుఃఖిస్తూనే అది బంగారమని తెలియజేస్తుంది.

తల్లిదండ్రుల వృద్ధాప్యం ఇందులో మరొక పొర. దూరాన ఉండిపోయినందుకు కలిగే అపరాధ భావన నేరుగా పలకలేనప్పుడు, తానూ కష్టపడుతున్నానన్న మాటగా మారి వెలువడుతుంది. అప్పుడు ఆక్షేపణ ఒక విధమైన ప్రాయశ్చిత్తం. దీనిని గతస్మృతి వ్యామోహమన్న ఒక్క మాటతో కొట్టివేస్తే, ఆ మాట వెనుక ఉన్న బాధ్యతా స్పృహ విమర్శకుడి దృష్టికి అందకుండా పోతుంది.

అలాగని ఈ బాణీలోని లోపాన్ని ఉపేక్షించరాదు. పల్నాటి పద్యంలో ఉన్న చులకన ఇక్కడా ఉంది. అమెరికన్లకు కుటుంబ విలువలు లేవని, అక్కడి యువతకు పెద్దల పట్ల గౌరవం లేదని తేల్చే కథలు ఆ సమాజాన్ని చూసి రాసినవి కావు. స్వదేశీ పాఠకుడి నమ్మకాలను నిమిరి ఆమోదం పొందడానికి రాసినవి. అటువంటి చోట పరాయిదేశం పాత్రగా కాక తెరగా మిగులుతుంది. సంబోధితుడి మెప్పు ముందే ఖాయమైనప్పుడు పరిశీలన మందగిస్తుందన్నది ఇక్కడ తేలే సాహిత్య సూత్రం.

ఈ బాణీకి లొంగని రచనలూ ఉన్నాయి. నిడదవోలు మాలతి కథాశీర్షిక ‘నిజానికీ ఫెమినిజానికీ మధ్య’ ప్రవాస స్త్రీ సమస్యను రెండు దేశాల పోలికగా కాక, అనుభవానికీ సిద్ధాంతానికీ నడుమ ఉన్న ఎడంగా ప్రతిపాదిస్తుంది. కల్పన రెంటాల నవల ‘తన్హాయి’లో అమెరికా కథాస్థలమే గాని నిందితుడు కాదు, వివాహానికీ ప్రేమకూ మధ్య నలిగే మనుషులు తమ బాధకు దేశాన్ని సాకుగా చూపరు. ఆక్షేపణ తగ్గినచోట దేశం సహజమైన నేలగా మారుతుందని ఇటువంటి రచనలు సూచిస్తాయి.

చట్టం మాయమైన కథ

1990 చట్టంతో హెచ్-1బి వీసా ఏర్పడిన తరువాత వెళ్లిన తరం పరిస్థితి వేరు. ఈ వీసాకు వార్షిక పరిమితి 65,000. అమెరికాలో ఉన్నత పట్టాలు పొందినవారికి అదనంగా 20,000. సాధారణంగా ఆరేళ్లకు మించి ఉండడానికి వీల్లేదు, శాశ్వత నివాసానికి దరఖాస్తు ముందుకు సాగుతున్నవారికి తప్ప. ఉద్యోగం ఆధారంగా ఏటా ఇచ్చే శాశ్వత నివాసపు అనుమతులు సుమారు 1,40,000. వాటిలో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ 7 శాతానికి మించరాదన్నది నియమం. భారతదేశంలో పుట్టినవారి నిరీక్షణ ఏళ్లకేళ్లు సాగడానికి మూలం ఈ లెక్కే. భార్యకో భర్తకో దక్కే హెచ్-4 వీసాపై పనిచేసే హక్కు లేకపోయింది. 2015లో వచ్చిన నిబంధన కొందరికి మాత్రమే ఆ వెసులుబాటు కల్పించింది. తల్లిదండ్రుల దరఖాస్తు తేలేలోగా 21 ఏళ్లు నిండిన పిల్లలు ఆ వరుస నుంచి జారిపోయే ప్రమాదమూ ఉంది.

శ్రీనాథుని కన్నడ పద్యం నేరుగా వర్తించేది ఈ తరానికే. ఉచ్చారణ మార్చుకొన్నవారు, పేరు కుదించుకొన్నవారు, పన్నులు కట్టినవారు, ఇల్లు కొన్నవారు, అక్కడే పిల్లలను కన్నవారు ఇంకా తాత్కాలికులే. ఇమడడానికి చేయవలసినవన్నీ చేసిన తరువాత కూడా గుర్తింపు నిరీక్షణలోనే ఉంటుంది. ఇక్కడ న్యాయమైన ఫిర్యాదు ఉంది. దానికి నిర్దిష్టమైన కారణమూ ఉంది.

అయితే పట్టాలు పొంది, ఉద్యోగానుభవం ఉండి, వీసా నిబంధన వల్ల ఇంట్లో ఉండిపోయిన స్త్రీని గురించిన కథల్లో ఒక జారుబాటు కనిపిస్తుంది. ఆమె దుఃఖం మంచుగా, కిటికీగా, పలకరించని పొరుగుగా, పనిలో మునిగిన భర్తగా చిత్రితమవుతుంది. ఆమె చేతులు కట్టిన నిబంధన కథలో ఒక వాక్యానికి మించి చోటు పొందదు. ఫిర్యాదు కావలసినది గోడుగా మారిపోయింది. గోడుకు అలవాటుపడిన కథారూపం కారణాన్ని మింగివేసి బాధను మాత్రమే మిగిల్చింది. వినేవారు జాలిపడతారు, ఏమి మారాలన్నది ఎవరికీ తెలియదు. అమెరికా తెలుగు కథపై చేయదగిన గట్టి విమర్శ ఇదే. ఆక్షేపించడం దాని దోషం కాదు. ఆక్షేపణీయమైనదాన్ని వదిలి వాతావరణాన్ని ఆక్షేపించడం దోషం.

‘తిరిగి రావచ్చు కదా’ అన్న ప్రశ్న తర్కదోషమూ ఇక్కడే బయటపడుతుంది. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో వెలువరించిన ‘ఎగ్జిట్, వాయిస్ అండ్ లాయల్టీ’ అన్న గ్రంథంలో, ఒక వ్యవస్థ క్షీణిస్తున్నప్పుడు దానిలోని మనిషికి నిష్క్రమించడం, గొంతెత్తడం అన్న రెండు మార్గాలుంటాయని, నిష్క్రమణను ఆపి గొంతెత్తేలా చేసేది విధేయత అని ప్రతిపాదించాడు. బెర్లిన్‌లో పుట్టి 1933లో జర్మనీ విడిచిన హిర్ష్‌మన్‌కు ఈ రెండు మార్గాలూ పుస్తకపు మాటలు కావు. ప్రవాసి ఒకసారి నిష్క్రమించినవాడు. అటువంటివాడు రెండవ దేశంలో నిష్క్రమించక గొంతెత్తుతున్నాడంటే, అతడక్కడ వేరు పట్టుకొంటున్నాడనే అర్థం. వెళ్లిపోదామనుకొనేవాడికి నిష్ఠూరంతో పని లేదు.

గల్ఫ్: పలకని గొంతు

ఇంతవరకు చర్చించినది రాయగలిగినవారి ఆక్షేపణ. తెలుగువారి వలస వారితో మొదలుకాలేదు. కోరంగి రేవు పేరుతో బర్మాలో ‘కోరంగీలు’ అనిపించుకొన్న కూలీలు, ఉత్తరాంధ్ర పల్లెలు ‘రంగం’గా పిలిచిన రంగూనుకు తరలినవారు, తమ కష్టాన్ని కాగితంపై పెట్టే అవకాశం లేనివారు. 1930లో రంగూను రేవులో తెలుగు కూలీల సమ్మె హింసాకాండకు దారితీసినప్పటి వేదన కూడా ప్రధానంగా ఇతరుల నివేదికల్లోనే మిగిలింది. వారి స్థానంలో నేడు గల్ఫ్ కూలీ ఉన్నాడు. ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అన్న తెలంగాణ నానుడి ఉత్తర తెలంగాణ పల్లెల బతుకుదారులను మూడు మాటల్లో చెప్పింది. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లిన స్త్రీలదీ ఇదే దారి.

గల్ఫ్ దేశాల్లో అమలైన కఫాలా విధానం కూలీ నివాసపు హక్కును యజమానితో ముడిపెట్టింది. ఎవరిపై ఫిర్యాదు చేయాలో, ఎవరి అనుమతితో అక్కడ ఉండాలో ఆ ఇద్దరూ ఒక్కరే. పని విడిచిపోయాడని యజమాని కేసు పెడితే కూలీ నేరస్థుడవుతాడు. 1983 నాటి భారత వలస చట్టం, పదవ తరగతి దాటనివారి పాస్‌పోర్టుపై వేసే తనిఖీ ముద్ర ఒక రక్షణను ఉద్దేశించాయి గాని, బాకీ తెచ్చి ఏజెంటుకు చెల్లించి వెళ్లినవాడికి ఫిర్యాదు కన్నా అప్పు పెద్దది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు గోడు వెళ్లబోసుకోవడమూ కుదరదు. ఆ అప్పుకు వడ్డీ కడుతున్న భార్యకూ తల్లికీ చెబితే వారి నిద్ర పోతుంది. కనుక ‘మంచిగనే ఉన్న’ అంటాడు.

అమెరికా ప్రవాసి బాగున్నా బాగోలేదంటాడు. గల్ఫ్ కూలీ బాగోలేకున్నా బాగున్నానంటాడు. రెండు మాటలనూ నిర్ణయించినది వారున్న దేశం కాదు, వినేవారితో వారికున్న సంబంధం. ఆక్షేపణ పరిమాణాన్ని బట్టి కష్టాన్ని కొలవడం ఎంత పొరపాటో ఈ ఒక్క పోలిక చాలు. గల్ఫ్ కష్టాన్ని పలికిన పాటల్లో ఊళ్లో మిగిలిన భార్య, తల్లి గొంతులతో సాగేవి ఉండడం యాదృచ్ఛికం కాదు. వెళ్లినవాడు దాచినదాన్ని ఉండిపోయినవారు పలుకుతున్నారు. ప్రవాస సాహిత్య అధ్యయనం ముద్రిత కథా సంకలనాలకే పరిమితమైతే ఈ గొంతు లెక్కకు రాదు.

ఉపసంహారం

ప్రవాసి ఆక్షేపణ ఒకే స్వభావం గల వస్తువు కాదు. అది కొన్నిచోట్ల తనవారి ముందు పెట్టుకొన్న దిష్టిచుక్క, కొన్నిచోట్ల ప్రాయశ్చిత్తం, కొన్నిచోట్ల చులకన, కొన్నిచోట్ల న్యాయమైన ఫిర్యాదు. ఏది ఏదో తేల్చవలసిన బాధ్యత విమర్శది. అందుకు మూడు ప్రశ్నలు తోడ్పడతాయి. ఈ మాట ఎవరిని ఉద్దేశించింది? ఇందులో క్రియలు ఎవరివి, చెప్పేవాడివా, ఎదుటివారివా? బాధకు మూలమైన కారణం రచనలో నిలిచిందా, వాతావరణంలో కరిగిపోయిందా?

తెలుగు ప్రవాస సాహిత్యం అధికంగా పల్నాటి పద్యపు బాణీలోనే సాగింది. కన్నడ పద్యపు బాణీ, అంటే కొత్త దేశాన్ని తల్లీ అని పిలిచి తన పేరు చెప్పి నిలదీసే నిష్ఠూరం, ఇంకా రావలసి ఉంది. అక్కడ పుట్టి పెరిగిన తరం దానిని రాస్తే అది తెలుగులో ఉండకపోవచ్చు. తెలుగులో రావాలంటే, ఆ భాషలో ఆ దేశంతో మాట్లాడవచ్చునన్న నమ్మకం రచయితకు ఉండాలి. శ్రీనాథుడు కన్నడ రాజ్యలక్ష్మిని నిలదీసినది తెలుగు పద్యంలోనే.